నీళ్ల మాత్ర

నాకు బీపీ ఉందని చెప్పిన రోజు నేను పెద్దగా భయపడలేదు. మా వీధిలో నా వయసు ఆడవాళ్లలో అది లేనివాళ్లే తక్కువ. ఉప్పు తగ్గించమన్నప్పుడు మాత్రం ఒళ్లు మండింది. ఊరుబిండి పచ్చడి లేకుండా సంగటి ముద్ద, ఉప్పు లేకుండా మజ్జిగ. అట్లా తినే దానికంటే తినకుండా ఉండడమే నయం అని డాక్టరు ముందే గొణిగాను.

తరవాత నాకు వచ్చిన జబ్బుకు మా ఊళ్లో పేరు లేదు. జ్వరం కాదు, షుగరు కాదు, పక్షవాతం కాదు. ఒంట్లో ఉప్పు పల్చబడిపోయింది, అంతే. దాంతో మతి తప్పింది. ఇప్పుడు తిరిగి వచ్చిందని డాక్టర్లు అంటున్నారు, నేనూ అంటున్నాను. అయినా ఇది రాస్తూ ఒక మాట వెంటనే గుర్తుకు రాకపోతే పెన్ను పక్కన పెట్టి, గుండె దడ తగ్గేదాకా వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాను. ఆ భయం ఇంకా పోలేదు. రాస్తే కొంత తగ్గుతుందేమోనని ఆశ.

నా పేరు సువార్తమ్మ. కోడుమూరులో ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా ఆయన బేల్దారి, ఇండ్లు కట్టే పనికి పోతాడు. ఒక్కతే కూతురు కరుణ, కడపలో ప్రైవేటు స్కూల్లో టీచరు.

ఫిబ్రవరి, మార్చి

కర్నూలులో డాక్టరు చూసి రెండు రకాల మాత్రలు రాశాడు. మందుల షాపతను వాటిలో చిన్నదాన్ని వేలితో చూపించాడు. “ఇది నీళ్ల మాత్రమ్మా. పొద్దన్నే ఏసుకో.”

“నీళ్లు శానా తాగల్లనా దీనికి?” అని అడిగాను.

అప్పటికే అతని ముందు జనం. “ఆఁ, తాగు తాగు, ఎండలు గదా,” అన్నాడు. అతని తప్పేమీ లేదు. ఎండాకాలంలో ఎవరడిగినా ఆ మాటే అంటారు. నేను మాత్రం ఇంటికొచ్చేలోపు నా అర్థం నేను చేసుకున్నాను. నీళ్ల మాత్ర అంటే నీళ్లు బాగా తాగితేనే పనిచేసే మాత్ర. అది ఒంట్లో నీళ్లను బయటికి తోసే మాత్రనీ, నీళ్లతో పాటు ఉప్పును కూడా తోస్తుందనీ నాకెవరు చెప్పాలి? నేనెవరిని అడగాలి?

ఇక పత్యం. మా ఇండ్లలో పత్యమంటే సగం సగం ఉండదు. తగ్గించమంటే మానేయడమే. నా కూర నేను విడిగా చప్పిడిగా వండుకున్నాను. మొదటి వారం ముద్ద మింగుడుపడక కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండో వారానికి గర్వం వచ్చింది. గుడిలో, మేము చర్చిని గుడి అనే అంటాం, ఆడవాళ్లు నా పట్టుదలను మెచ్చుకుంటుంటే ఇంకా బిగదీశాను. అవి ఈస్టరుకు ముందొచ్చే శ్రమల దినాలు కూడా. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో సాయంత్రందాకా ఉత్త నీళ్లే. మామూలు రోజుల్లో మిషను పక్కన చెంబు ఖాళీ అయ్యే కొద్దీ నింపుకునేదాన్ని.

పిక్కలు పట్టేసేవి. తల బరువుగా ఉండేది. అన్నం చూస్తే వికారం. ఎండదెబ్బ అనుకుని ఇంకో చెంబు తాగేదాన్ని. మాటిమాటికీ దొడ్లోకి పోవాల్సి వస్తుంటే మాత్ర బాగా పనిచేస్తోందని సంతోషపడ్డాను కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఏప్రిల్ మొదట్లో

ఒక పెండ్లికూతురి జాకెట్టుకు రెండు చేతులూ ఎడమవే కుట్టాను. విప్పి మళ్లీ కుట్టాను. మళ్లీ రెండూ ఎడమవే. ఇన్నేళ్ల పనిలో అట్లా ఎప్పుడూ జరగలేదు. నవ్వొచ్చింది మొదట. తరవాత మా ఆయన్ను కత్తెర అందివ్వమని అడగబోతే కత్తెర అనే మాట రాలేదు. “అది... అదే, కోసేది,” అన్నాను.

“వయసొచ్చేసింది మే నీకు,” అని నవ్వుతూ అందించాడు.

నేను నవ్వలేదు. చేతిలో కత్తెర పట్టుకుని దాని పేరు కోసం వెతుక్కుంటూ కూర్చున్నాను. లోపల ఏదో తప్పు జరుగుతోందని నాకు మొదట తెలిసింది అప్పుడే. ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమవుతుందని భయం. ఇది చదివేవాళ్లకు ఒక మాట. అట్లా అనిపించినప్పుడు దాచుకోవద్దు. తెలిసిన వస్తువు పేరు నోటికి రాకపోవడం, నడుస్తుంటే నేల కదిలినట్టుండడం, ఇవి వయసు వల్లనే వస్తాయని అనుకోవద్దు.

రెండు రోజుల్లో లేవలేని నీరసం. మా ఆయన ఆరెంపీ డాక్టరును పిలుచుకొచ్చాడు. అతను పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు. నేనే వినలేదు.

“ఒగ గ్లూకోజు బాటిల్ ఎక్కిచ్చు నాయనా, నీరసం పోతాది,” అన్నాను.

“అక్కా, రక్తపరీక్ష చేపిచ్చుకోని...”

“ఎక్కిచ్చప్పా, ఆమె అడుగుతాంది గదా,” అని మా ఆయన కూడా పట్టుబట్టాడు. మా ఊళ్లో నీరసానికి బాటిల్ ఎక్కించని డాక్టరుకు ఏమీ రాదని లెక్క. పాపం, అతను ఎక్కించాడు. అప్పటికే పల్చబడిపోయిన రక్తంలోకి ఇంకా నీళ్లు పోయించుకున్నానని తరవాత తెలిసింది.

ఆ తరవాతిది నాకు గుర్తు లేదు. వాంతులయ్యాయట. గడప దాటుతూ పడ్డానట. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయట. గాలి సోకిందని ఒకరు, వాతమని ఒకరు అన్నారట. మా ఆయన ఎవరి మాటా వినకుండా నన్ను వ్యాను వెనక సీట్లో పడుకోబెట్టుకుని కర్నూలు తీసుకుపోయాడు. దారి పొడుగునా నేను ఆయన్ను “నువ్వు ఎవరప్పా, యాడికి తీసకపోతాండావు?” అని అడిగానట. ఈ ఒక్కటి మా ఆయన నాకు చెప్పలేదు. కరుణ చెప్పింది.

ఈస్టర్ ముందు వారం

కరుణ కడప నుంచి వచ్చేసరికి నన్ను లోపల అద్దాల గదిలో పెట్టారు. బయట బెంచీల మీద జనం. ఎవరి పేరు పిలుస్తారోనని అందరూ తలుపు వైపే చూస్తుంటారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మా ఆయన లేచి నిలబడేవాడట. వేరేవాళ్ల పేరు పిలిచినా కూర్చోవడానికి చాలాసేపు పట్టేదట.

పెద్ద డాక్టరమ్మ వాళ్లిద్దరినీ పిలిచి సోడియం బాగా తగ్గిందని చెప్పింది. మా ఆయన దాన్ని సోడా అని విన్నాడు. ఫోనులో బంధువులందరికీ “ఒంట్లో సోడా తక్కువైందంట” అనే చెప్పాడు. ఒకాయన నిమ్మకాయ సోడా తాపమని సలహా కూడా ఇచ్చాడు.

డాక్టరమ్మ మళ్లీ పిలిపించి నిదానంగా చెప్పింది. “ఒంట్లో నీళ్లూ ఉప్పూ ఒకదానికొకటి కుదిరి ఉండాలి. ఎక్కువ తాగితే కిడ్నీలు బయటికి పంపేస్తాయి. తక్కువైతే దాహం వేస్తుంది, కిడ్నీలు నీళ్లను పట్టి ఉంచుతాయి. మనకు తెలియకుండానే రోజూ జరిగేదే ఇది. ఆ మాత్ర ఈమె ఒంట్లో ఉప్పును బయటికి తోసింది. ఈమె తినడం మానేసింది. పైగా చెంబులు చెంబులు నీళ్లు. పప్పులో నీళ్లెక్కువ పోస్తే ఏమవుతుంది? అట్లా అయింది రక్తం. ఆ నీళ్లు మెదడులోకి చేరి మెదడు ఉబ్బింది.”

“అట్లయితే ఉప్పు ఎక్కిచ్చండి మేడం. ఎంతయినా ఎక్కిచ్చండి,” అన్నాడు మా ఆయన.

“ఎక్కిస్తున్నాం. కానీ తొందరగా ఎక్కిస్తే మెదడుకే దెబ్బ. మాట పోవచ్చు, చేతులూ కాళ్లూ పోవచ్చు. మెల్లగానే పెంచాలి. నీళ్లు మాత్రం తాపొద్దు. మేం ఇచ్చిన కొలత దాటి ఒక్క గుక్క కూడా వద్దు.”

తగ్గితే ఒక భయం, బిరబిరా పెరిగితే ఇంకో భయం. రక్తం తీసుకుపోయిన ప్రతిసారీ సోడియం అంకె వచ్చేదాకా వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కూర్చునేవాళ్లట.

నాకు తెలివి వస్తూ పోతూ ఉంది. వచ్చినప్పుడల్లా దాహం. నాలుక అంగిలికి అంటుకుపోయేది. కోడుమూరులో మా ఇంటికి ఎవరొచ్చినా, వాళ్లెవరో అడగకముందే నీళ్లిస్తాం. ట్యాంకరు రాని రోజుల్లో కూడా ఇచ్చాం. అటువంటిది నా కడుపున పుట్టిన పిల్ల నా మంచం పక్కన నిలబడి నీళ్లు లేవంటోంది.

“రోన్ని నీళ్లు పోయి కరుణా. నాలుక తడుపుకుంటా.”

“డాక్టరమ్మ వద్దనింది మా.”

“నువ్వు నా బిడ్డవేనా?”

కరుణ తడిపిన దూదితో నా పెదవులు తుడిచింది. ఆ దూదిని నేను పళ్లతో పట్టుకుని పీల్చబోతే లాగేసుకుంది. అప్పుడు నేను దాన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

కరుణ భోజనానికి పోయిన సమయంలో మా ఆయన వచ్చాడు. నేను చెయ్యి చాపాను. ఆయన అటూ ఇటూ చూసి, తువాలలో చుట్టి తెచ్చిన బాటిల్ మూత తీశాడు. నేను ఎంత తాగానో ఇద్దరికీ తెలియదు. మరుసటి పరీక్షలో, అప్పటిదాకా కొంచెం కొంచెంగా పెరుగుతున్న అంకె కిందికి దిగింది. డాక్టరమ్మ బయటికొచ్చి ఎవరు తాపారని అడిగింది.

“నేనే తాపినా మేడం,” అన్నాడు ఆయన తల దించుకుని.

కరుణ అందరి ముందూ అరిచింది. “నీ చేత్తోనే సంపుకుంటావా నాయనా మాయమ్మను? చెప్పినారు గదా! చెవులు లేవా?”

“అడుగుతాంటే ఎట్ల లేదందునే? నీళ్లే గదా అడిగింది.”

ఆ తరవాత తండ్రీ కూతుళ్లు మాట్లాడుకోలేదు. ఒకరు లోపలుంటే ఇంకొకరు బయట. నాకు ఆ సంగతి తెలియదు. తెలిసినా దాహం తప్ప ఇంకేదీ పట్టేది కాదేమో.

ఈస్టర్ తరవాత

పండగ రోజు నన్ను వార్డులోకి మార్చారు. పక్క మంచంలో బీబమ్మ అనే పెద్దామె ఉండేది, కర్నూలు పాతబస్తీ ఆమె, కిడ్నీ జబ్బు. ఆమెకు కూడా నీళ్లు కొలతే. ఏళ్ల తరబడి కొలతేనట. నేను చెంబు కోసం చూస్తుంటే పిలిచింది.

“ఏం మా, నోరు ఎండుతాందా? నర్సమ్మను అడిగి, ఈ ఎండు ఉసిరికాయ ముక్క బుగ్గన పెట్టుకో. నమలొద్దు. నీళ్లు అవే ఊరతాయి.”

ఆ ముక్కకు ఉప్పు పట్టించి ఉంది. తన ఒంటికి ఉప్పు పడదని ఆమె దాన్ని నోట్లో పెట్టుకోదు. కోడలు తెలియక తెచ్చిందట. నర్సు సరేనంది. ఎన్ని వారాల తరవాతో నాలుకకు ఉప్పు తగిలింది. నేను అటు తిరిగి ఏడ్చాను. బీబమ్మ చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

అంకె పెరుగుతోంది. ఒకరోజు మాత్రం వాళ్లు అనుకున్న దానికంటే వేగంగా పెరిగింది. డాక్టర్ల ముఖాలు మారాయి. దెబ్బ తగిలి ఉంటే కొన్ని రోజులకు గానీ బయటపడదని, మాటలో తేడా వస్తుందేమో గమనించమని కరుణకు చెప్పారు. కరుణ ఆ రోజంతా నన్ను ఏదో ఒకటి మాట్లాడిస్తూనే ఉంది. నా నోటి వైపే చూస్తూ ఉంది. తన చూపును బట్టే నాకు భయం పట్టుకుంది.

పొద్దున రౌండ్లకు ఒక కుర్ర డాక్టరు వచ్చేవాడు. రోజూ అవే ప్రశ్నలు. మీ పేరేంటి? ఇది ఏ ఊరు? ఏ నెల? అన్నీ చెప్పాను. ఆ రోజు కొత్తగా ఇంకోటి అడిగాడు.

“మీ ఆయన పేరేంటమ్మా?”

మా వైపు ఆడవాళ్లం మొగుని పేరు చెప్పం. పెండ్లిలో పాస్టరుగారు ప్రమాణం చెప్పించినప్పుడు ఒక్కసారి అన్నాను, అది కూడా నోట్లోనే. రేషన్ షాపులో అడిగితే గుర్తు చెప్పేదాన్ని, వాళ్లే పట్టుకునేవాళ్లు. ఇక్కడా అలవాటు ప్రకారం గుర్తే చెప్పాను.

“అదే సారూ, గుడిలో ఆఖర్న ఇస్తారు సూడు, అది.”

అతను ఒక క్షణం ఆలోచించాడు. “ప్రసాదమా?”

నాకు ఓపిక లేదు. “అట్లాంటిదే,” అన్నాను.

అతను చేతిలో కాగితం చూశాడు. అందులో ఉన్న పేరు వేరు. ఇంకేమీ అడగకుండా గబగబా వెళ్లిపోయాడు. కాసేపటికి ఇద్దరు డాక్టర్లు వచ్చారు. కళ్లలోకి లైటు వేశారు, అరికాళ్లు గీకారు, వేళ్లు పట్టి లాగారు. స్కానింగుకు రాశారు. మొగుని పేరు కూడా ప్రసాదమని తప్పు చెప్తోందని, గుడిలో ఆఖర్న ఇచ్చేదని ఏవో అర్థంలేని మాటలు మాట్లాడుతోందని కరుణతో అన్నారు. కరుణ బయటికి పోయి, ఇన్ని రోజులుగా మాట్లాడని తండ్రి భుజం మీద తల పెట్టి ఏడ్చిందట. “అయిపాయ నాయనా. మాయమ్మ మాట పాయ. నీ పేరు ప్రసాదం అంటాంది.”

మా ఆయన కరుణ తల నిమిరాడట. తరవాత నెమ్మదిగా, “ప్రసాదమనిందా? ముందు ఏమనింది?” అని అడిగాడట. కరుణ చెప్పింది. గుడిలో ఆఖర్న ఇచ్చేది. ఆయన లేచి నేరుగా డాక్టర్ల దగ్గరికి పోయాడు.

“సారూ, మేము కిరస్తానమోల్లం. మా గుడిలో ఆఖర్న పాస్టరు చేతులెత్తి ఇచ్చేది ఆశీర్వాదం. అది నా పేరే సారూ. ఆమె సరిగ్గానే చెప్పింది. పేరు పలకదు, అంతే.”

అందరూ నా మంచం చుట్టూ చేరారు. బీబమ్మ లేచి కూర్చుని మరీ నవ్వింది. పెద్ద డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. “గుర్తు చెప్పడం సరిపోదు సువార్తమ్మా. పేరు నీ నోటితో చెప్పాలి. నేను అది వినాలి,” అంది.

నేను నోరు తెరిచాను. పేరు రాలేదు.

ఈ క్షణం గురించే నేను ఇదంతా రాస్తున్నానేమో. ప్రార్థనలో కూడా ఆ మాట వచ్చేచోట దీవెన అని మార్చి పలికిన నోరు ఇది. ఇన్నేళ్లుగా పక్కకు తోసిన మాట. అది సిగ్గు వల్ల రావడం లేదా, లేక లోపల నిజంగానే లేదా? గుర్తు చెప్పినప్పుడు పేరు తెలిసే చెప్పానా, పేరు దొరకక గుర్తు చెప్పానా? నాకే తెలియలేదు. కత్తెర కోసం వెతికినట్టే వెతుకుతున్నాను. మా ఆయన మంచం కాళ్ల దగ్గర నిలబడి తువాల రెండు చేతులా పట్టుకున్నాడు.

“చెప్పు మే. ఏం గాదు. ఎవురూ ఏమనుకోరు. చెప్పు,” అన్నాడు.

ఆ గొంతు వింటే వచ్చింది మాట. “ఆశీర్వాదం,” అన్నాను. గట్టిగానే అన్నాను. నర్సులు నవ్వారు. కుర్ర డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. మా ఆయన తువాలతో ముఖం కప్పుకుని గోడ వైపు తిరిగాడు. స్కానింగు తీశారు, దెబ్బ ఏమీ లేదన్నారు. అయినా కరుణ వారందాకా నా నోటి వైపు చూడడం మానలేదు.

జూన్

ఇంటికొచ్చాను. నీళ్ల మాత్ర తీసేసి వేరేది రాశారు. ఇప్పుడు ఏ మాత్ర ఇచ్చినా ఇది దేనికి, దీనితో ఏం తినాలి, ఏం తాగాలి అని షాపు దగ్గరా, డాక్టరు దగ్గరా అడుగుతున్నాను. విసుక్కున్నా కదలను. బీపీ ఉన్నవాళ్లు నా కథ చదివి ఉప్పు డబ్బా ముందేసుకోవద్దు. తగ్గించమంటే తగ్గించండి. మీ అంతట మీరు మానేయొద్దు, మీ అంతట మీరు పెంచొద్దు. ఆ మాత్ర చాలామందికి మేలు చేసేదేనట. నాకు చెడింది నా పత్యం వల్లా, నా చెంబు వల్లా.

ధైర్యం ఇంకా పూర్తిగా రాలేదు. కాలికి కొంచెం తిమ్మిరెక్కినా రక్తపరీక్షకు పరిగెత్తుతాను. జాకెట్లు మళ్లీ కుడుతున్నాను గానీ చేతులు జత చేసేముందు రెండుమూడు సార్లు నేల మీద పరిచి చూసుకుంటాను. కరుణ కడప నుంచి రోజూ ఫోను చేస్తుంది. వీడియోలోనే చేస్తుంది, నా నోరు కనపడాలి కదా.

మా ఆయన కుర్ర డాక్టరు పని తాను తీసుకున్నాడు. రోజూ పనికి బయలుదేరే ముందు గడప దగ్గర ఆగి అడుగుతాడు. “నా పేరేందే?” మొదట్లో ఆ ప్రశ్నకు ఇద్దరికీ ఊపిరి ఆగేది. నేను చెప్పగానే ఊఁ అని తలాడించి పోయేవాడు.

మొన్న పొద్దున అడిగినప్పుడు నేను సూదిలో దారం ఎక్కిస్తున్నాను. వెంటనే పలకలేదు. ఆయన ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండోది చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఆ ముఖం చూశాక ఏడిపించడానికి మనసు రాలేదు.

“ఆశీర్వాదం,” అన్నాను.

ఆయన పోలేదు.

“గుర్తుండాదయ్యా, పోరాదా పనికి,” అన్నాను.

“గుర్తుండాదా లేదా అని కాదు మే,” అన్నాడు చెప్పు వైపు చూస్తూ. “ఊరికే. ఇంగొగసారి అను.”